వెంటిలేటర్ మీదున్న నెలలు నిండని బిడ్డకు చెస్ట్ ఫిజియో: ఎలా చేయాలి, ఎప్పుడు ఆగాలి

కొత్తగా ఎన్ఐసీయూకో (అప్పుడే పుట్టిన బిడ్డల ఐసీయూ), జిల్లా ఆసుపత్రిలో అలాంటిదే అయిన ఎస్ఎన్‌సీయూకో డ్యూటీ పడిన స్టాఫ్ నర్సుల కోసం ఇది రాస్తున్నాను. తల్లిదండ్రులు చదివినా మంచిదే, వాళ్లకు పనికొచ్చే సంగతులు చివర్లో ఉన్నాయి, కానీ మధ్యలో ఉన్నవేవీ ఇంట్లో చేసేవి కావని ముందే చెప్పేస్తున్నా. పెద్దవాళ్ల వార్డు నుంచి వచ్చినవాళ్లకు చెస్ట్ ఫిజియో, అంటే ఊపిరితిత్తుల్లోంచి కఫం వదిలించే పని, అనగానే గుర్తొచ్చేది ఒకటే: పేషెంట్‌ని పక్కకు తిప్పి, అరచెయ్యి దొప్ప చేసి, వీపు మీద టపటపా తట్టడం. 900 గ్రాముల బిడ్డ దగ్గరికి ఆ అలవాటుతో రావద్దు. ఇక్కడ ఫిజియో అంటే చాలావరకు గాలిలో తేమ చూసుకోవడం, పడుకోబెట్టే తీరు మార్చడం, అవసరం పడినప్పుడు మాత్రమే సక్షన్ (సన్నటి గొట్టంతో కఫం లాగడం) చేయడం, మిగతా సమయమంతా బిడ్డను ముట్టుకోకుండా చూస్తూ ఉండటం. ఆ చివరిదే అన్నిటికన్నా కష్టం, ముఖ్యంగా నైట్ డ్యూటీలో మానిటర్ ఆగకుండా మోగుతుంటే చెయ్యి ఊరుకోదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ (గాలి సంచులు అతుక్కుపోకుండా ఆపే పదార్థం) సరిపడా ఉండదు, అందుకే ఊపిరి వదిలినప్పుడల్లా గాలి సంచులు ముడుచుకుపోతుంటాయి. పెద్దవాళ్లలో ఒక గాలి గొట్టం మూసుకుపోతే పక్క సంచుల్లోంచి కాస్త గాలి వచ్చే చిన్న దారులు ఉంటాయి, ఈ బిడ్డల్లో అవి ఇంకా ఏర్పడవు. కాబట్టి సన్నటి గొట్టం ఒక్కదాంట్లో కఫం అడ్డుపడినా దాని వెనకున్న భాగమంతా గాలి లేక కూలిపోతుంది, ఎక్స్‌రేలో కొలాప్స్ అని తెల్లగా కనబడేది అదే. ఎంత సన్నటి దారులో చూడండి, కేజీ లోపు బిడ్డకు శ్వాసనాళంలోకి వేసే ఈటీ ట్యూబ్ లోపలి వ్యాసం 2.5 మిల్లీమీటర్లు, అగ్గిపుల్ల కూడా సులువుగా దూరదు. పైగా గొంతులో ట్యూబ్ ఉన్న బిడ్డ దగ్గి కఫం బయటికి తెచ్చుకోలేదు. మరి మనం సాయం చేయాలి కదా అనే ఆలోచనలోంచే ఈ ఫిజియో పుట్టింది, ఆలోచనలో తప్పేం లేదు.

చిక్కంతా తట్టడంతోనే. పక్కటెముకలు ఇంకా మెత్తగా ఉంటాయి, మెదడు లోపలి రక్తనాళాలు చాలా సున్నితంగా ఉంటాయి, మెడకు తలను ఆపే బలం ఉండదు. ఛాతీ మీద తట్టిన ప్రతిసారీ ఆ కుదుపు తలకు వెళ్తుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో 1992 నుంచి 1994 మధ్య 24–27 వారాలకే పుట్టిన బిడ్డల్లో 13 మందికి మెదడులో ఒక అరుదైన రకం దెబ్బ కనిపించింది. రికార్డులు తిరగేస్తే, ఆ బిడ్డలకు రెండు, మూడు, నాలుగు వారాల వయసులో మిగతావాళ్లకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువసార్లు చెస్ట్ ఫిజియో చేసినట్టు తేలింది. అక్కడి డాక్టర్లే 1998లో ఆ సంగతి ప్రచురించారు. ఆ బిడ్డలకు మొదటి వారంలో బీపీ కూడా ఎక్కువసేపు పడిపోయి ఉంది కాబట్టి తప్పంతా ఫిజియోదేనని ఖాయంగా అనలేం. కానీ 1994 డిసెంబర్ నుంచి బాగా తక్కువ బరువు బిడ్డలకు మొదటి నెలలో ఫిజియో ఆపేశాక అలాంటి కేసు మళ్లీ రాలేదని వాళ్లే రాశారు. మరోవైపు, దీనివల్ల లాభం ఎంత అని 2008లో కోక్రేన్ సమీక్ష (అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసేది) వెతికితే పనికొచ్చే పరిశోధనలు మూడే దొరికాయి, మొత్తం కలిపి 106 మంది బిడ్డలు. దాన్నిబట్టి మేలని చెప్పడానికి ఆధారం చాలదన్నారు. లాభం తేలనిదాన్ని, నష్టం ఉండొచ్చని తెలిసినదాన్ని, ఆరు గంటలకోసారి గడియారం చూసి చేయడమేంటని నా అభిప్రాయం.

మొదటి పని: ఆర్డర్ చదవండి, కారణం అడగండి

కేస్ షీట్‌లో ఉత్త "సీపీటీ" (చెస్ట్ ఫిజియోకి పొట్టి పేరు) అని ఉంటే చాలదు. ఏ వైపు, ఏ లోబ్ (ఊపిరితిత్తిలో ఏ భాగం), ఎందుకు అన్నది రౌండ్స్‌లోనే అడిగేయండి. "సార్, కొలాప్స్ ఏ వైపు ఉంది, పొజిషనింగ్ చాలా, ఇంకేమైనా చేయాలా?" అంటే ఎవరూ ఏమీ అనుకోరు, నిజానికి సగం సార్లు ఆ ప్రశ్నతోనే ఆర్డర్ మారిపోతుంది. ఎక్స్‌రే మీరూ చూడండి. కొలాప్స్ కనబడితే కఫం కంటే ముందు ట్యూబ్‌ని అనుమానించాలి. బిడ్డ గడ్డం కిందికి వంగితే ట్యూబ్ లోపలికి దిగుతుంది, మెడ వెనక్కి వాలితే పైకి వస్తుంది. ఇంత చిన్న బిడ్డలో అర సెంటీమీటరు దిగినా కుడి వైపు గొట్టంలోకి పోయి ఎడమ ఊపిరితిత్తి మొత్తం మూసుకుపోవచ్చు. ట్యూబ్ సరిచేస్తే పోయే కొలాప్స్‌కి తట్టి ఏం లాభం? పెదవి దగ్గర ట్యూబ్ ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఫిక్స్ చేశారో షిఫ్ట్ మొదట్లోనే చూసి రాసుకోండి.

ఇక అసలు ముట్టుకోకూడని సందర్భాలు. పుట్టిన మొదటి మూడు రోజులు, మెదడులో రక్తస్రావం ఎక్కువగా జరిగేది అప్పుడే, తల ఏ పక్కకూ తిరగకుండా మధ్యలో ఉంచి వీలైనంత తక్కువ కదిలించాలి. బీపీ నిలకడగా లేకపోయినా, ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నా, ఊపిరితిత్తుల నుంచి రక్తం వస్తున్నా, న్యూమోథొరాక్స్‌కి (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఇంకా డ్రెయిన్ గొట్టం వేయకపోయినా ఫిజియో మాట ఎత్తొద్దు. సర్ఫాక్టెంట్ ఇచ్చిన మొదటి కొన్ని గంటలు ట్యూబ్ మూసుకుపోతే తప్ప సక్షన్ కూడా వద్దు, ఇచ్చిన మందునే లాగేసినట్టవుతుంది. ఆసుపత్రిలో వారాల తరబడి ఉన్న బిడ్డల్లో ఎముకలు గుల్లబారి ఉండొచ్చు, వాళ్లలో తట్టుడుకి పక్కటెముక విరగడం కూడా ఉంది. పాలు పట్టి గంట కాకపోతే ఆగండి.

రెండో పని: గాలిలో తేమ

దీన్ని ఎవరూ ఫిజియో అనరు కానీ కఫం మీద అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం దీనిదే. బిడ్డకు వెళ్లే గాలి 37 డిగ్రీల దగ్గర, తేమతో నిండుగా ఉంటే కఫం పల్చగా ఉండి తనంతట తనే పైకి వస్తుంది. పొడిగాలి వెళ్తే జిగురులా గట్టిపడి ట్యూబ్‌కి అంటుకుంటుంది, అప్పుడు ఎంత సక్షన్ చేసినా రాదు. గాలికి తేమ ఇచ్చే హ్యూమిడిఫయర్ ఆన్‌లో ఉందా, చాంబర్‌లో స్టెరైల్ వాటర్ గీత దాకా ఉందా అని షిఫ్ట్‌కి చాలాసార్లు చూడండి. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడు వెంటిలేటర్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, హ్యూమిడిఫయర్ మాత్రం ఆగి మళ్లీ ఆన్ చేయాల్సి రావొచ్చు, అది ఎవరి కంటా పడదు. ఏసీ చల్లగాలి నేరుగా సర్క్యూట్ (వెంటిలేటర్ నుంచి బిడ్డకు వచ్చే గొట్టాలు) మీద కొడుతుంటే గొట్టంలో నీళ్లు పేరుకుంటాయి. వాటిని బిడ్డ వైపు కాకుండా వాటర్ ట్రాప్ వైపు వంచి తీసేయాలి. బిడ్డను తిప్పే ముందు ఈ నీళ్లు తీయడం మర్చిపోతే ఆ నీళ్లు నేరుగా ట్యూబ్‌లోకి పోతాయి.

మూడో పని: పడుకోబెట్టే తీరు

నా లెక్కలో అసలు ఫిజియో ఇదే. మొదటి మూడు రోజులు దాటి, బిడ్డ నిలకడగా ఉంటే మూడు నాలుగు గంటలకోసారి పొజిషన్ మార్చండి, అది కూడా డైపర్, టెంపరేచర్, ఫీడ్ అన్నీ కలిపి ఒక్కసారే, విడివిడిగా నాలుగుసార్లు లేపొద్దు. బోర్లా పడుకోబెడితే చాలామంది బిడ్డలకు ఆక్సిజన్ మెరుగవుతుంది, ఎందుకంటే మెత్తటి ఛాతీకి కింద పరుపు ఆధారం దొరుకుతుంది, వెనక భాగాలు బాగా తెరుచుకుంటాయి. ఛాతీ కింద సన్నటి బట్ట రోల్ పెట్టి, కాళ్లు కడుపు వైపు మడిచి, చుట్టూ గూడులా బట్ట చుట్టండి. మానిటర్ ఉన్నంతవరకే బోర్లా. ఇంటికి వెళ్లాక వెల్లకిలానే పడుకోబెట్టాలని తల్లికి గట్టిగా చెప్పాలి, లేకపోతే ఇక్కడ చూసిందే ఇంట్లోనూ చేస్తారు.

ఒక వైపు కొలాప్స్ ఉంటే ఆ వైపు పైకి వచ్చేలా పక్కకు తిప్పండి. ట్యూబ్ తీసేశాక తరచుగా కుడి పై లోబ్ కొలాప్స్ అవుతుంది, దానికి ఎడమ పక్కకు తిప్పి, తల వైపు మంచం కాస్త ఎత్తి ఉంచితే చాలు, రెండు మూడు గంటల తర్వాత చూడండి. అదే ఒక వైపు గాలి లీకై ఊపిరితిత్తి ఉబ్బిన బిడ్డకైతే దీనికి వ్యతిరేకం: చెడిన వైపు కిందికి ఉండాలి. అందుకే ఎక్స్‌రే చూడకుండా తిప్పొద్దన్నది. పెద్దవాళ్లకు చేసినట్టు తలను కిందికి వంచి కఫం కారనివ్వడం మాత్రం ఈ బిడ్డల్లో ఎప్పుడూ చేయొద్దు, తలలో ఒత్తిడి పెరుగుతుంది, పాలు పైకొస్తాయి.

తిప్పేటప్పుడు ఇద్దరు ఉండాలి. ఒకరు తల, ట్యూబ్ కలిపి పట్టుకోవాలి, ఇంకొకరు నడుము, కాళ్లు. తల, ఒళ్లు ఒకే దుంగలా ఒకేసారి తిరగాలి, మెడ మెలితిరగకూడదు. చేతులు వెచ్చగా ఉండాలి. తిప్పాక రెండు వైపులా గాలి వెళ్తోందో లేదో స్టెత్‌తో వినండి.

నాలుగో పని: సక్షన్

రెండు గంటలకోసారి అని టైం పెట్టుకుని చేసేది కాదు ఇది. ట్యూబ్‌లో కఫం కనబడుతుంటే, ఛాతీ మీద చెయ్యి పెడితే గరగర తెలుస్తుంటే, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) మెల్లగా జారుతుంటే, వెంటిలేటర్ తెర మీద ఫ్లో గీత రంపపు పళ్లలా కనబడుతుంటే, టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి వెళ్లే గాలి) తగ్గుతుంటే అప్పుడు చేయాలి. సాచురేషన్ ఉన్నట్టుండి పడిపోతే మాత్రం ముందు నాలుగు ప్రశ్నలు: ట్యూబ్ జరిగిందా, మూసుకుపోయిందా, న్యూమోథొరాక్స్ వచ్చిందా, మెషీన్‌లో ఏదైనా ఊడిందా. వెంటనే సీనియర్‌ని, డాక్టర్‌ని పిలవండి.

చేసే విధానం. సక్షన్ ప్రెషర్ 80 నుంచి 100 ఎంఎంహెచ్‌జీ మధ్య పెట్టుకోండి. గేజ్ చూసేటప్పుడు ట్యూబింగ్‌ని మడిచి మూసి పట్టుకుని చూడాలి, తెరిచి చూస్తే తక్కువ చూపిస్తుంది, అలా పెంచుకుంటూ పోయి లోపల 200 దాకా లాగేసేవాళ్లున్నారు. క్యాథెటర్ (సక్షన్ గొట్టం) సైజు 2.5 ట్యూబ్‌కి 5 ఫ్రెంచ్, 3కి 6 ఫ్రెంచ్, అంతకంటే లావుది పెడితే గాలికి దారి ఉండదు. లోతు ముందే కొలిచి బెడ్ దగ్గర కాగితం మీద రాసి అతికించండి. క్లోజ్డ్ సక్షన్ (వెంటిలేటర్ ఊడదీయకుండా చేసేది) అయితే క్యాథెటర్ మీది అంకె, ఈటీ ట్యూబ్ మీది అదే అంకెకు ఎదురుగా వచ్చేదాకా దింపితే కొస దగ్గరికి చేరినట్టే, అక్కడితో ఆగాలి. అడ్డు తగిలేదాకా దింపి వెనక్కి లాగడమనే పాత పద్ధతి వద్దు, అడ్డు తగిలేది బిడ్డ శ్వాసనాళం గోడ, అక్కడ పుండు పడుతుంది.

ఒకరు సక్షన్ చేస్తుంటే ఇంకొకరు ఒక అరచెయ్యి తల మీద, మరో చెయ్యి మడిచిన కాళ్ల మీద ఆనించి బిడ్డను కదలకుండా, నొక్కకుండా పట్టుకోవాలి. క్యాథెటర్ దింపేటప్పుడు సక్షన్ ఉండకూడదు, బయటికి తీస్తున్నప్పుడే ఇవ్వాలి, లోపలికి వెళ్లి బయటికి వచ్చేదాకా మొత్తం పది సెకన్లు దాటొద్దు. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. ఒకసారి అయ్యాక సాచురేషన్, గుండె వేగం మామూలుకు వచ్చేదాకా ఆగి, ఇంకా అవసరమనిపిస్తేనే రెండోసారి. సాధారణంగా రెండుతో ఆపేయాలి. అలవాటుగా సెలైన్ చుక్కలు వేయడం మానండి, కఫం బాగా గట్టిగా ఉండి డాక్టర్ చెబితేనే.

ప్రతి బిడ్డకూ ముందుగా ఆక్సిజన్ పెంచాల్సిన పని లేదు. ముట్టుకుంటే సాచురేషన్ పడిపోయే బిడ్డ అని తెలిస్తే ఉన్న ఎఫ్‌ఐఓ2 (ఇచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం) మీద పది శాతం పెంచండి, అంటే 30 ఉంటే 40. పని అయ్యాక మళ్లీ 30కి తెచ్చిన తర్వాతే అక్కడి నుంచి కదలండి. పెంచడం అందరికీ గుర్తుంటుంది, తగ్గించడం ఎవరికీ గుర్తుండదు, అలా 99 శాతం సాచురేషన్‌తో గంటలు గడిస్తే కంటి రెటీనా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆక్సిజన్ మీదున్న నెలలు నిండని బిడ్డకు 90–95 మధ్య ఉంటే చాలు, మానిటర్‌లో పై అలారం కూడా సెట్ చేసి ఉంచండి.

తర్వాత నోట్స్‌లో "సక్షన్ డన్" అని వదిలేయకండి. కఫం ఎంత, ఏ రంగు, పల్చనా చిక్కనా, సాచురేషన్ ఎంతకు పడింది, తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది, ఇవి రాస్తే తర్వాతి షిఫ్ట్ వాళ్లు ఈ బిడ్డను ఎంత తక్కువ ముట్టుకోవాలో తెలుసుకుంటారు.

మరి తట్టడం, వైబ్రేషన్?

32 వారాల లోపు, 1500 గ్రాముల లోపు బిడ్డకు మొదటి నెలలో నేనైతే వద్దనే అంటాను. వారాల తరబడి వెంటిలేటర్ మీదుండి, బరువు పెరిగి, పొజిషన్ మార్చినా, సక్షన్ చేసినా కొలాప్స్ విడవని బిడ్డకు నియోనటాలజిస్ట్ (నవజాత శిశువుల డాక్టర్) చూసి రాస్తే అప్పుడు చేస్తారు, అది కూడా శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టో, సీనియరో. మీరు పక్కన ఉంటే మీ పని తల పట్టుకోవడం, అది చిన్న పనేం కాదు, తల ఏమాత్రం కుదుపుకు లోనవకూడదు. వైబ్రేషన్ అంటే రెండు మూడు వేళ్ల కొసలు ఆనించి బిడ్డ ఊపిరి వదిలేటప్పుడు సన్నగా వణికించడం, అరచేత్తో తట్టేది ఉండదు. మూడు నాలుగు నిమిషాలు మించదు. పొట్ట, వెన్నెముక, రొమ్ము ఎముక, కాలేయం ఉన్న చోటు వదిలేయాలి. గుండె వేగం 100 లోపుకు వచ్చినా, సాచురేషన్ 85కి జారినా, రంగు మారినా "మేడం ఆపండి" అని మీరే అనాలి. ఎవరు చేస్తున్నా సరే. ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌కి గుడ్డ చుట్టి వాడే అలవాటు కొన్ని చోట్ల ఉండేది, ఎక్కడైనా చూస్తే నేర్చుకోకండి.

సీప్యాప్ మీదున్న బిడ్డ

సీప్యాప్ అంటే ముక్కులోంచి ఆగకుండా కాస్త ఒత్తిడితో గాలి ఇవ్వడం. ఇక్కడ కఫం కంటే ముక్కు, పొట్ట ఎక్కువ ఇబ్బంది పెడతాయి. బబుల్ సీప్యాప్‌లో బుడగలు ఆగిపోతే ఎక్కడో లీక్ ఉందన్నమాట, నోరు తెరిచి ఉందా, ప్రాంగ్ (ముక్కులో పెట్టే చిన్న గొట్టం) జారిందా చూడండి. ప్రాంగ్ ముక్కు మధ్య గోడకు ఒత్తుకోకుండా సన్నటి సందు ఉండాలి, ప్రతి షిఫ్ట్‌లో తీసి ఎర్రబడిందేమో చూడాలి, ఎరుపు నలుపయ్యాక చూసి లాభం లేదు. నోటి ద్వారా పొట్టలోకి వేసిన ట్యూబ్‌ని ఫీడ్ లేనప్పుడు తెరిచి ఉంచితే పొట్టలో గాలి పోతుంది, పొట్ట ఉబ్బి ఉంటే ఊపిరితిత్తి తెరుచుకోదు. సక్షన్ చేయాల్సి వస్తే ముందు నోరు, తర్వాత ముక్కు, పైపైనే. ముక్కులో లోతుగా పోనిస్తే వాచి, ఉన్న కాస్త దారీ మూసుకుంటుంది.

తల్లి చేయగలిగేవి

గ్లాస్ బయట నిలబడి ఏడ్చే తల్లికి పని చెప్పండి. చేతులు కడిగించి, ఇందాక చెప్పినట్టు తల మీద ఒక చెయ్యి, కాళ్ల మీద ఒక చెయ్యి ఆనించి ఉంచడం నేర్పండి. సక్షన్ సమయంలో మనకు రెండో మనిషి దొరికినట్టే, బిడ్డ కూడా తల్లి చేతిలో తొందరగా కుదుటపడుతుంది. నిమరొద్దు, ఊపొద్దు, ఊరికే ఆనించి ఉంచమనండి. సీప్యాప్ మీద ఉన్నా నిలకడగా ఉంటే కంగారూ కేర్ (బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచడం) ఇవ్వొచ్చు, పుట్టిన వెంటనే వీలైనంత త్వరగా మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటల దాకా ఇవ్వాలని డబ్ల్యూహెచ్ఓ 2022లో చెప్పింది. తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, బోర్లా ఉన్న బిడ్డ ఊపిరి ఎంత బాగా తీసుకుంటుందో మానిటర్‌లో మీరే చూడండి. గడ్డం ఛాతీకి ఆనకుండా చూసుకోవడం ఒక్కటే జాగ్రత్త.

ఇక డిశ్చార్జ్ రోజు. "కఫం పోవడానికి వీపు తట్టొచ్చా మేడం?" అని అడుగుతారు. పాలు తాగాక తేన్పు కోసం భుజాన వేసుకుని మెల్లగా నిమిరితే చాలు, కఫం కోసం తట్టడం వద్దు. అప్పుడే అమ్మమ్మనో నాయనమ్మనో కూడా కూర్చోబెట్టి మాట్లాడండి, ఇంటికెళ్లాక స్నానం పోసేది వాళ్లే. పెద్దావిడతో వాదించకుండా, "అమ్మా, మీరు పెంచిన పిల్లలు నెలలు నిండి పుట్టారు, వీడి ఊపిరితిత్తులు ఇంకా పచ్చిగా ఉన్నాయి" అంటే వింటారు. సాంబ్రాణి పొగ వద్దు, దోమల కాయిల్ వద్దు, ఇంట్లో బీడీ సిగరెట్ వద్దు. ముక్కులో నూనె చుక్కలు వేయొద్దు, నోట్లో ఆముదం పోయొద్దు, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. స్నానం చేయిస్తూ ముక్కులోకి ఊదడం, గొంతులో వేలు పెట్టి కఫం తీయడం అస్సలు వద్దు. ముక్కు బిగుసుకుంటే సెలైన్ నాసల్ డ్రాప్స్ చుక్క చాలు. దగ్గు, జలుబు ఉన్నవాళ్లను, ఎంత దగ్గరి చుట్టమైనా సరే, బిడ్డను ఎత్తుకోనివ్వొద్దు.

నిమిషానికి 60 సార్లకన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా, పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతున్నా, మూలుగుతున్నా, పాలు తాగకపోయినా, పెదవులు నీలంగా మారినా, మధ్యలో ఊపిరి ఆగినట్టున్నా ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయకుండా 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి, వెచ్చగా, మెడ వంగకుండా పట్టుకుని కూర్చోమనండి, డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో ఉంచుకోమనండి.